ఎనిమిది కోర్లు, ఒక్క చీటీ

జూన్ 4

లెక్కల వదినకు,

దోమ వ్రాయునది ఏమనగా, ఇక్కడ నేను ఒక మాదిరిగా క్షేమం. అక్కడ నీ నోరు నిక్షేపంగా ఉండే ఉంటుంది.

మా ల్యాబులో పాత కంప్యూటర్ పొగ కక్కి చచ్చిపోయిందని రాశాను కదా. కొత్తది వచ్చింది. నువ్వు చెప్పినట్టే, కోర్లు ఎక్కువున్నదే కావాలని పట్టుబట్టి కొనిపించాను. ఎనిమిది! పాతదానికి ఒక్కటే. "కోర్ అంటే లోపల పనిచేసే చెయ్యి అనుకోండి మేడమ్. పాతది ఒంటిచేత్తో ఒకదాని తర్వాత ఒకటి చేసుకునేది, ఇది ఎనిమిది చేతులతో ఒకేసారి చేసేస్తుంది" అన్నాడు అమ్మినతను. నీకు ఇది చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే అనుకో.

అప్పట్నుంచి నాకు కోర్ల పిచ్చి పట్టింది. కనిపించిన ప్రతిదానికీ ఎన్నున్నాయని అడుగుతున్నాను. నా ఫోనుకు ఎనిమిది. కింది వాటాలో ఇంటి ఓనరుగారి టీవీకి నాలుగు. వాళ్ళమ్మాయి చేతి గడియారానికి రెండు. బట్టలుతికే మిషనుకు ఒక్కటే, అయినా పాపం ఇంతవరకు ఒక్క జేబురుమాలు పోగొట్టలేదు. అన్నిటికన్నా విడ్డూరం, మా గదిలో సగం ఆక్రమించుకుని కూర్చునే రక్తం లెక్కపెట్టే యంత్రం ఉందే, దానిక్కూడా ఒక్కటేనట! నా చేతిలో ఫోను కన్నా అది ఏడాకులు తక్కువ చదివిందన్నమాట.

పద్దెనిమిదేళ్ళ కిందట నువ్వు రాసిచ్చిన చీటీల ప్రోగ్రామునే కొత్తదాంట్లోకి మార్పించాను. యంత్రం లెక్క చెప్పడమేమిటి, ఇది పేరూ అంకెలూ కలిపి చీటీ కొట్టడమేమిటి, రెప్పపాటు పని. ఎక్కువ గర్వపడకు, మెడ పట్టేస్తుంది.

సోమవారం అన్నయ్య ఇటువైపు ఎవరికో బల్లలు బిగించడానికి వచ్చి ల్యాబుకు వచ్చాడు. దొరికినవాణ్ణి దొరికినట్టే కుర్చీలో కూలేసి రక్తం లాగాను. అంతలేసి రంపాలు పట్టే మనిషి, సూది చూసి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. "అందుకే దీనికి దోమని పేరు పెట్టాను" అని మా వాళ్ళందరి ముందూ అన్నాడు. కొత్త సామాను వస్తే ముందు మా రక్తమే పోసి చూసుకోవడం మా ల్యాబులో అలవాటు. అందుకని అన్నయ్యది నలభై ఒకటో ట్యూబు, వెనకే నాది నలభై రెండు. నాకు వంక పెట్టడానికి ఒక్క అంకె లేదు. చిక్కిపోయావు, పాలిపోయావు అని ప్రాణం తీస్తావుగా, నా చీటీని బీరువా తలుపుకు అంటించి పెట్టాను, వచ్చి చూసుకో.

అన్నయ్య రిపోర్టు అన్నయ్యకే పంపాను. ఎవరిది వాళ్ళకే ఇవ్వాలన్నది మా నియమం. నన్నడక్కు.

నీ మరదలు,
దోమ


జూన్ 11

దోమగారి ముక్కుకు,

అదే కదా నీకు ముఖ్యం.

నీ ఉత్తరం చదివి బళ్ళో పిల్లలకు కోర్ల లెక్క ఇచ్చాను. ఒక మనిషి గోడ కట్టడానికి ఎనిమిది రోజులు పడితే ఎనిమిది మంది ఎన్ని రోజుల్లో కడతారు? అందరూ ఒక్క రోజు అన్నారు. ఒక్క పిల్ల మాత్రం "తాపీ ఒక్కటే ఉంటే?" అని అడిగింది. దానికి రెండు మార్కులు ఎక్కువ వేశాను.

నా ప్రోగ్రామ్ ఇంకా బతికుందంటే సంతోషమే. కంప్యూటర్ పాఠాలు చెప్పుకునే రోజుల్లో రాసింది, ఇప్పుడు రాయమంటే రాయలేను.

అసలు సంగతికి వస్తాను. మీ అన్నయ్య నాకు అర్థం కావడం లేదు. నీ దగ్గర్నుంచి వచ్చిన మూడో రోజు నుంచీ మనిషి మారిపోయాడు. చీకటి పడితే గాని ఇంటికి రానివాడు నాలుగింటికే వచ్చి నాకెదురుగా కూర్చుంటున్నాడు. ఆదివారం నన్ను పిలిచి మోటారు స్విచ్చు ఎక్కడ, నీళ్ళ గొట్టం కట్టేది ఎక్కడ, ఏ కాగితం ఏ సొరుగులో అని పాఠంలా అప్పజెప్పాడు. పెళ్ళై ఇరవై రెండేళ్ళలో ఎవరినీ ముట్టుకోనివ్వని, చెక్క నునుపు చేసే చిత్రిక ఉంది చూశావూ, దాన్ని తనతో పనిచేసే వడ్రంగికి ఇచ్చేశాడట! ఏమైందయ్యా అంటే దొంగకు తేలు కుట్టినట్టు నోరు మెదపడు.

నీ దగ్గర ఏమైనా అన్నాడా? ఆ రిపోర్టు బాగానే ఉంది కదూ? నియమం గియమం నా దగ్గర పెట్టకు. ఒక్క ముక్క రాయి చాలు.

ఫోన్లో అయితే నిమిషంలో తేలే మాట. కాని ఆయన ఒట్టు వేయించుకున్నాడాయె. అత్తయ్య కుట్టుమిషను కోసం మనిద్దరం ఫోన్లో ఒకేసారి అరుచుకుని, ఎవరేమన్నారో ఎవరికీ వినపడక, ఎనిమిది నెలలు మాటల్లేకుండా ఉన్నాం చూడు, అప్పటి ఒట్టు. "ఉత్తరాలు రాసుకోండి. ఉత్తరమైతే ఒకరిది అయ్యాకే ఇంకొకరు మొదలెట్టాలి" అన్నాడు. అప్పుడు నవ్వాను. ఇప్పుడు నీ జవాబు వచ్చేదాకా రోజూ గుమ్మంలో నిలబడాలి.

వదిన


జూన్ 15

వదినకు,

అన్నయ్యకు ఏమీ లేదు. వయసు మీద పడుతుంటే మగాళ్ళకు అప్పుడప్పుడు వేదాంతం పుడుతుంది, పోతుంది. చిత్రిక సంగతి నువ్వు పట్టించుకోకు. రోజూ నాలుగింటికే వస్తున్నాడంటే సంతోషించాల్సింది పోయి ఏడుస్తావేమిటి?

ఒకవేళ మళ్ళీ రక్తం ఇవ్వమని నువ్వు చెబితే ఇస్తాడేమో. అలవాటుగా, అంతే. నేను చెబితే వినడు. నన్ను చూస్తేనే చొక్కా చేతులు కిందకి దించుకుంటాడు.

మన ఒట్టు తప్పే వీలు కూడా లేకుండా పోయింది. మంగళవారం నా ఫోను బకెట్లో పడింది. ఎనిమిది కోర్లూ కలిసికట్టుగా మునిగాయి, ఒక్కటీ ఈదలేదు. బాగుచేయడానికి ఇచ్చాను, ఇంకా కోలుకోలేదు.

నేను బాగానే ఉన్నాను. మేడమెట్లు ఎక్కితే ఆయాసం వస్తోంది. ఎడమ డొక్కలో ఏదో బరువు పెట్టినట్టుంటుంది, రెండు ముద్దలకే కడుపు నిండిపోతోంది. బట్టలన్నీ వదులయ్యాయి. రక్తం బాగుంది కాబట్టి ఇది బద్ధకమే అనుకుంటున్నాను.

కొత్త కంప్యూటరొచ్చాక జనం పెరిగారు, ఊపిరాడటం లేదు. పైగా ప్రింటరుకు మతి పోయింది. మొన్న ఇద్దరు ఆడవాళ్ళ చీటీల మీద ఒకటే అంకెలు పడ్డాయి. నిన్న ఆరేళ్ళ పిల్ల చీటీ మీద ఎవరో ముసలాయన లెక్కలు! మళ్ళీ కొడితే సరిగ్గానే వచ్చాయి. ప్రింటరు మార్చమని చెప్పాను.

నువ్వు కంగారు పడకు. నీ కంగారు చూసి అన్నయ్య ఇంకా కంగారు పడతాడు.

దోమ


జూన్ 18

నీకు,

ఇవాళ పేరు పెట్టి పిలవడానికి నోరు రావడం లేదు.

గరుకు కాగితాల డబ్బాలో దొరికింది మీ అన్నయ్య రిపోర్టు. నాలుగు మడతలు పెట్టి అడుగున దాచాడు. తెల్లకణాలు తొంభై ఆరు వేలు. పక్కన నీ చేత్తో గీసిన ఎర్రసిరా గీత. పదకొండు వేలు దాటకూడదని ఆ చీటీ మీదే అచ్చయి ఉంది. అచ్చు వేయించింది నేనే కదా, నాకు తెలీదూ?

నీ నోట్లో నువ్వుగింజ నానదనుకునేదాన్ని. ఇంత పెద్ద సంగతి పదిహేను రోజులు ఎలా దాచావు? "అన్నయ్యకు ఏమీ లేదు" అని రాస్తావేమో, రాస్తే చించేద్దామని చూస్తున్నాను. బట్టలుతికే మిషను మీద జోకులు రాశావు, అప్పటికే నీకు తెలుసు. నాకు తెలిస్తే ఏం చేస్తానని? ఆయనను కట్టుకున్నది నేను. నీకు పుట్టుకతో అన్నయ్య అయితే నాకు ఇరవై రెండేళ్ళుగా మొగుడు. ఇందులో ఎవరి వాటా ఎంత అని నీతో తగువు పెట్టుకోవాల్సిన గతి పట్టించావు.

ఆయన్ని అడిగాను. "తెలిస్తే ఏం చేస్తావు, నువ్వూ నిద్ర పోవు, అంతే కదా" అన్నాడు. డాక్టరు దగ్గరికి రాడట. చేతుల్లో సత్తువ ఉన్నన్నాళ్ళు పని చేసుకుంటాడట. కాళ్ళు పట్టుకున్నాను. నన్ను లేపి కూర్చోబెట్టి, రంపానికి పదును పెట్టుకోవడానికి పోయాడు.

నాకు భయంగా ఉంది. ఇంకేమీ రాయలేను.


జూన్ 19

దోమా,

నిన్నటి ఉత్తరం పోస్టులో వేసి వచ్చేసరికి నీ పదిహేనో తేదీ ఉత్తరం గుమ్మంలో పడి ఉంది. నేననుకున్నట్టే అబద్ధం రాశావు. చించబోయాను. చించేముందు ఒకసారి చదవడం నయమైంది.

ఇద్దరి చీటీల మీద ఒకటే అంకెలు. పిల్ల చీటీ మీద ముసలాయన లెక్కలు. అది ప్రింటరు మతి కాదే! నా మతి.

వెంటనే మీ ల్యాబుకు ఫోన్ చేశాను. నువ్వు ఎవరి దగ్గరో రక్తం తీస్తున్నావట. "ఆ కంప్యూటర్ ఆపేయమనండి, ఆ ప్రోగ్రామ్ ఇక వాడొద్దనండి, వాళ్ళ వదిన చెప్పిందనండి" అని ఎత్తినావిడకు మూడుసార్లు చెప్పాను. కబురు అంది ఉంటుంది. ఎందుకో ఇక్కడ రాస్తున్నాను, నిదానంగా చదువు.

నేనా ప్రోగ్రాములో రెండు పనులు పెట్టాను. ఒక పని రోగి పేరును పలక మీద రాస్తుంది. రెండో పని యంత్రం చెప్పిన అంకెలను అదే పలక మీద పేరు పక్కన వేసి చీటీ కొడుతుంది. పలక ఒక్కటే. పాత కంప్యూటరుకు ఒక్క కోరే కాబట్టి ఒక పని అయ్యాకే రెండోది జరిగేది. చీటీ కొట్టాకే పలక తుడిచేది. అది నా తెలివి అనుకున్నాను. నిజానికి దాని చేతగానితనం నన్ను కాపాడింది. ఇప్పుడు ఎనిమిది చేతులు. ఒక చెయ్యి ఒకరి అంకెలు వేస్తుండగానే ఇంకో చెయ్యి ఆ పేరు చెరిపి వెనకున్నవాళ్ళ పేరు రాసేస్తుంది. అప్పుడు వీళ్ళ అంకెలు వాళ్ళ పేరుకు, వాళ్ళవి వీళ్ళ పేరుకు పడతాయి. ఎప్పుడూ కాదు, రెండు ట్యూబులు మరీ దగ్గర దగ్గరగా పడినప్పుడు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచనంటారు, ఇక్కడ విరిగిపోయింది. తాపీ ఒక్కటే ఉంటే అని అడిగిన పిల్లకు ఉన్నపాటి బుర్ర నాకు లేకపోయింది.

అంటే మీ అన్నయ్య చీటీ మీద ఉన్నది ఇంకొకరి రక్తం కావచ్చు. కావచ్చు, అంతే. అందుకని మూడు పనులు చెయ్యి. మీ రక్తం యంత్రం ట్యూబు నంబరు ప్రకారం తన లెక్కలు తనలో దాచుకుంటుంది కదా, కొత్త కంప్యూటర్ వచ్చిన రోజు నుంచి ప్రతి చీటీని వాటితో సరిచూడు. మీ పెద్ద డాక్టరుగారికి దాచకుండా చెప్పు, తప్పు నాదని చెప్పు. మీకు కంప్యూటర్ అమ్మినతన్ని పిలిచి, ఈ ప్రోగ్రామ్ ఒక్క కోరు మీదే నడిచేలా కట్టెయ్యమను. మిగతా ఏడూ ఊరికే కూర్చోనీ.

ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఆశ పెట్టి లాక్కుంటే ఆ మనిషి తట్టుకోలేడు, నేనసలే తట్టుకోలేను. ఇందాకట్నుంచి ఒకటే మొక్కుకుంటున్నాను. ఆ తొంభై ఆరు వేలు ఎవరివైనా కానీ, మా ఆయనవి కాకపోతే చాలు. ఎవరివైనా సరే. ఇంత పాపిష్టి మొక్కు పుట్టి బుద్ధెరిగి మొక్కలేదు. వాళ్ళకూ ఒక ఇల్లుంటుంది కదా. అయినా మొక్కుతున్నాను.

వదిన


జూన్ 20

వదినకు,

నీ పద్దెనిమిదో తేదీ ఉత్తరం అందింది. అంతకుముందే నీ ఫోన్ కబురూ అందింది. "మీ వదిన తన ప్రోగ్రామ్ వాడొద్దందండీ, చాలా కోపంగా ఉందండీ" అని అందరి ముందూ చెప్పారు.

ఆపేశాను. నీ సొమ్ము నువ్వు తీసుకుంటానంటే కాదనడానికి నేనెవర్ని? నిన్నట్నుంచి చీటీలన్నీ చేత్తో రాస్తున్నాం. బయట జనం తిడుతున్నారు. కుట్టుమిషను అడిగానని అప్పుడు, అన్నయ్య సంగతి చెప్పలేదని ఇప్పుడు. నా మీద ఎంత కోపమైనా ఉండొచ్చు కాని, దాన్ని రోగుల మీద చూపించాల్సింది కాదు.

చెప్పకపోవడం తప్పే. ఆ చీటీ చూసి ట్యూబు కోసం పరుగెత్తాను. రక్తం చుక్క గాజు స్లైడు మీద పూసి మైక్రోస్కోపులో చూద్దామంటే సాయంత్రానికే ట్యూబులు పారబోశారు, అన్నయ్య బస్సెక్కేశాడు. మళ్ళీ వచ్చి రక్తం ఇవ్వమని ఫోన్లో ఎంతో బతిమాలాను. "మీ వదినకు చెప్పావా, నీకు అన్నయ్య లేడనుకో" అన్నాడు. అప్పుడు చెప్పు, నేనేం చెయ్యాలి? మిషను మీద జోకులు ఏడుస్తూ రాశాను.

దోమ


జూన్ 26

వదినకు,

నేను పోస్టు చేసిన మర్నాడే నీ పంతొమ్మిదో తేదీ ఉత్తరం వచ్చింది. చదివి సిగ్గుతో చచ్చిపోయాను. ఆ ఇరవయ్యో తేదీ కాగితం పొయ్యిలో పెట్టెయ్యి. ఇద్దరం ఉత్తరాల్లో కూడా ఒకేసారి మాట్లాడగలమని నిరూపించాం, అన్నయ్యకు చెప్పకు.

మొన్న నేను ల్యాబు నుంచి ఫోన్ చేసినప్పుడు అన్నయ్య "ఆఁ" అన్నాడు, అంతే. తర్వాత నువ్వు వెనకనుంచి ఏడవడం వినపడింది. అదే చాలనిపించి పెట్టేశాను. అందుకే వివరం ఇక్కడ.

పెద్ద డాక్టరుగారికి అన్నీ చెప్పాను. ఆయన కోప్పడలేదు, చొక్కా చేతులు మడిచి నాతోపాటు కూర్చున్నారు. పదిహేడు రోజుల చీటీలు, రెండు వేల పైచిలుకు. తొమ్మిది తప్పున్నాయి. తొమ్మిదిమందినీ పిలిపించి మళ్ళీ రక్తం తీశాం, అన్నయ్య తప్ప. అన్నయ్యకు అక్కడే చేయించావుగా, ఏడు వేల చిల్లర వచ్చిందని మా ల్యాబుకు ఫోన్ చేసి చెప్పావట. యంత్రం దాచుకున్న లెక్కలోనూ నలభై ఒకటో ట్యూబుకు ఏడు వేల చిల్లరే ఉంది. అతని చీటీ మీద పడింది నలభై రెండో ట్యూబు అంకెలు. అతనివి దాని మీద పడ్డాయి.

కంప్యూటరతను వచ్చి నీ ప్రోగ్రామును ఒక్క కోరుకు కట్టేసి పోయాడు. మిగతా ఏడూ ఖాళీగా కూర్చుని జీతం తీసుకుంటున్నాయి.

నీ తప్పని రాశావు. నువ్వు ఒంటిచేతికి నేర్పిన పనిని అడక్కుండా ఎనిమిది చేతులకు అప్పజెప్పింది నేను. సగం సగం పంచుకుందాం, ఈసారి తగువు వద్దు.

ఆ ఇంకొకరి సంగతి అడిగావట. వాళ్ళకు కబురు అందింది. పెద్ద డాక్టరుగారు స్లైడు కూడా చూశారు. రక్త క్యాన్సరే కాని, నిదానంగా ముదిరే రకమట, మాత్రలతో ఏళ్ళ తరబడి నెట్టుకురావచ్చట. మనిషి గట్టిదే. నీ మొక్కు గురించి బాధపడకు వదినా. ఆ మనిషిని అడిగినా సరిగ్గా అదే మొక్కుకునేది.

నాలుగు రోజులు సెలవు పెట్టాను. ఉత్తరం ఆలస్యమైతే కంగారు పడకు. అన్నయ్యను చిత్రిక వెనక్కి తెచ్చుకోమను.

దోమ


జూలై 1

దోమా,

ఈ ఉత్తరం బస్సులో రాస్తున్నాను. అక్షరాలు ఎగిరితే రోడ్డును తిట్టుకో.

నీ ఉత్తరం వచ్చాక రెండు రోజులు మా ఇంట్లో నవ్వులే నవ్వులు. చిత్రిక తిరిగొచ్చింది. నిన్న సాయంత్రం ఆయన "ఆ బట్టలుతికే మిషను ఉత్తరం తియ్యి, అప్పుడు నవ్వుకోలేకపోయాను" అన్నాడు. తీసిచ్చాను. పైకి చదువుతున్నాడు. టీవీకి నాలుగు, గడియారానికి రెండు. నేను నవ్వుతూ బియ్యం ఏరుతున్నాను. మధ్యలో చదవడం ఆపేశాడు. ఏమిటని చూస్తే, కాగితం నా వైపు చాపి ఒక వరుస మీద వేలు పెట్టాడు.

అన్నయ్యది నలభై ఒకటో ట్యూబు, వెనకే నాది నలభై రెండు.

మాటలు దాస్తావు గాని అంకెల దగ్గర అబద్ధం ఆడటం నీకు చేతకాదు. ఆయాసం, డొక్కలో బరువు, వదులైన బట్టలు అన్నీ రాశావు. అన్నీ చదివాను. నా మొగుడి కోసం తప్ప ఇంక దేనికీ కళ్ళు లేకపోయాయి నాకు. చిక్కిపోయావని ప్రాణం తీసినదాన్ని, నా చేత్తో రాసిన ప్రోగ్రాముతోనే నీకు "బాగున్నావు" అని చీటీ ఇప్పించాను. ఎవరివైనా సరే అని నేను మొక్కితే, ఆ మొక్కు నీకే తగిలింది.

రాత్రంతా మీ అన్నయ్య గడప మీద కూర్చున్నాడు. తెల్లవారగానే మీ ల్యాబుకు ఫోన్ చేశాను, సెలవన్నారు. నీ ఫోను బకెట్ పాలు. బడికి సెలవు చీటీ పంపి బస్సెక్కాం. ఆయన పక్క సీట్లో ఉన్నాడు. ఒళ్ళో పనిముట్ల పెట్టె. నీ మేడమెట్లకు పట్టుకోవడానికి కమ్మీ లేదట, ఇవాళే బిగిస్తాడట. నా ఒళ్ళో అత్తయ్య కుట్టుమిషను ఉంది. వదులైన బట్టలన్నీ నేనే కుట్టిపెడతాను. మిషను ఇక నీ దగ్గరే ఉంటుంది. నేనూ కొన్నాళ్ళు ఉంటాను.

మాత్ర ఏ వేళకు వేసుకోవాలో, డాక్టరు దగ్గరికి మళ్ళీ ఎప్పుడు వెళ్ళాలో అన్నీ నాకు చెప్పాలి. నువ్వు గట్టిదానివే. అయినా నాకు భయంగా ఉంది, దాచను.

దీన్ని పోస్టులో వెయ్యను. తలుపు కొడితే నవ్వు ముఖం పెట్టుకుని వస్తావని నాకు తెలుసు. అందుకే ముందు ఈ కాగితం తలుపు కిందనుంచి తోస్తాను. చదివి, ఏ ముఖం ఉంటే ఆ ముఖంతోనే తలుపు తియ్యి.

ముందు నువ్వు మాట్లాడు. నీది మొత్తం అయ్యేదాకా నేను నోరు విప్పను. మెట్ల మీదే కూర్చుని ఉంటాను.

వదిన